ముర్రే నదికి అటూ ఇటూ

ఆస్ట్రేలియా ఒక దేశం కాకముందు ముర్రే నది దాటి సరుకు తీసుకెళ్లాలంటే సుంకం కట్టాలి. నదికి ఉత్తరాన న్యూ సౌత్ వేల్స్, దక్షిణాన విక్టోరియా. రెండూ బ్రిటిష్ వలసలే, అయినా ఒకరి సరుకు మీద మరొకరు పన్ను వేసుకునేవారు. నది ఒడ్డున బతికే రైతుకూ వర్తకుడికీ అది రోజూ తప్పని బాధ. 1893లో ఆ ఒడ్డునే ఉన్న కొరొవా అనే చిన్న ఊళ్లో ఫెడరేషన్ లీగులు సభ పెట్టాయి. రాజ్యాంగం రాసే ప్రతినిధులను ప్రజలే ఎన్నుకోవాలని జాన్ క్విక్ అక్కడ పెట్టిన తీర్మానం, నత్తనడక నడుస్తున్న ఐక్యతా ప్రయత్నానికి ఊపు తెచ్చింది. 1901 జనవరి 1న ఆరు వలసలూ ఒక దేశమయ్యాయి. రాష్ట్రాల మధ్య వర్తకానికీ రాకపోకలకూ పూర్తి స్వేచ్ఛ ఉండాలని రాజ్యాంగం 92వ సెక్షన్‌లో రాసుకున్నారు. సరిహద్దు మీది విసుగు ఆ దేశపు పుట్టుకలోనే ఉంది. 2020లో కోవిడ్ వేళ అదే నది వంతెనల మీద పోలీసులు బారికేడ్లు పెట్టినప్పుడు జనానికి అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ సెక్షన్‌కు పరీక్ష వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఓడల్లో ఇళ్లకు వస్తున్నారు, బయట ప్రపంచాన్ని ఇన్‌ఫ్లుయెంజా ఊడ్చేస్తోంది. 1918 నవంబరు చివర్లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులు మెల్‌బోర్న్‌లో కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. తొలి కేసు కనబడగానే రాష్ట్రం ఆ సంగతి కేంద్రానికి చెప్పాలి. సరిహద్దు మూయడం, తెరవడం కేంద్రం చేతిలో ఉండాలి. కాగితం మీద తెలివైన ఏర్పాటే. రెండు నెలల్లో చెదిరిపోయింది. 1919 జనవరిలో మెల్‌బోర్న్ ఆస్పత్రులకు రోగులు వస్తూనే ఉన్నా, ఇది మామూలు ఫ్లూనా లేక ఆ ప్రాణాంతక జబ్బేనా అన్నది విక్టోరియా వెంటనే తేల్చలేదు. ఈలోగా మెల్‌బోర్న్ నుంచి రైల్లో వచ్చిన ఒక సైనికుడి ద్వారా జబ్బు న్యూ సౌత్ వేల్స్‌లో బయటపడింది. ఆ రాష్ట్రం తానే ముందుగా ప్రకటించి, విక్టోరియా వైపు దారి మూసేసింది.

ఆ తర్వాత ఎవరి గేటు వాళ్లు వేసుకున్నారు. క్వీన్స్‌లాండ్ తన దక్షిణ సరిహద్దు మూసి, వాలంగారా దగ్గర గుడారాల్లో క్వారంటైన్ పెట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి దాటి వచ్చే ట్రాన్స్ ఆస్ట్రేలియన్ రైలును ఆపేసి కేంద్రంతోనే తగువుకు దిగింది. ఫిబ్రవరిలో కేంద్రం విసిగిపోయి ఒప్పందం నుంచి తప్పుకుంది. ఆ ఏడు దేశంలో దాదాపు 15 వేల మంది చనిపోయారు. ఆ గందరగోళంలో నన్ను ఆపిన ఘట్టం ఒకటుంది. మెల్‌బోర్న్‌లో చిక్కుకుపోయిన సౌత్ ఆస్ట్రేలియా వాసులను ఆ రాష్ట్రం తిరిగి తెచ్చుకుని, అడిలైడ్‌లోని జూబిలీ ఓవల్ మైదానంలో వందల మందిని గుడారాల్లో ఉంచి, గడువు తీరాక ఇళ్లకు పంపింది. గేటు వేసినవాళ్లే తమవాళ్లకోసం లోపల చోటు కూడా చూశారు. ఆ పనిని తర్వాతి తరం ఇంకా బాగా చేసి ఉండాల్సింది.

చేయలేదు. రాజ్యాంగం మొదటి నుంచే క్వారంటైన్ అధికారాన్ని కేంద్రానికిచ్చింది, రాష్ట్రాలేమో తమ ఆరోగ్య, అత్యవసర చట్టాలను తామే రాసుకున్నాయి. సరిహద్దు మూసే విషయంలో ఎవరి మాట చెల్లాలో వందేళ్లలో ఎవరూ స్పష్టంగా తేల్చలేదు.

2020 మార్చిలో, కోవిడ్ వ్యాపిస్తుండగా, టాస్మేనియా మొదట తలుపు వేసింది. రోజుల తేడాతో సౌత్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ, పశ్చిమ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ అదే దారి పట్టాయి. ఏప్రిల్ 5 నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా తన సొంత వాసులకు కూడా మినహాయింపు ఉంటేనే ప్రవేశమంది. జులై 8న, మెల్‌బోర్న్‌లో కేసులు పెరుగుతుండగా, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా మధ్య సరిహద్దు మూతపడింది. 1919 తర్వాత అది మూతపడటం అదే మొదటిసారి.

ఆ మూత దెబ్బ ఎక్కువగా తగిలింది ఆల్బరీ, వొడోంగా జంట ఊళ్లకు. నదికి అటొకటి, ఇటొకటి. ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి మరో రాష్ట్రంలో, ఉద్యోగం మళ్లీ మొదటి రాష్ట్రంలో ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు. ఆల్బరీ ఆస్పత్రి న్యూ సౌత్ వేల్స్ గడ్డ మీదున్నా, 2009 నుంచి రెండు ఊళ్ల ఆస్పత్రులనూ విక్టోరియా వ్యవస్థే నడుపుతోంది. రెండు ఊళ్లూ ఒకటిగా బతకాలని ప్రభుత్వాలే దశాబ్దాలుగా ప్రోత్సహించి, ఒక్క రాత్రిలో విడదీశాయి. అనుమతి పత్రాలిచ్చే వెబ్‌సైట్ మొదటి రోజే మొరాయించింది. వంతెన మీద కార్లు బారులు తీరాయి. ఆగస్టులో ఇంకో వింత జరిగింది. విక్టోరియా నుంచి ఇంటికి బయల్దేరిన సుమారు వంద మంది కాన్‌బెరా వాసుల అనుమతులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కాన్‌బెరా చుట్టూ ఉన్నది న్యూ సౌత్ వేల్సే కాబట్టి, దాన్ని దాటకుండా వాళ్లు ఇల్లు చేరలేరు. నిర్దేశించిన దారిలో ఇంటికి పోవచ్చన్న అనుమతి రావడానికి రోజులు పట్టింది.

ఆ కోపం మూసినందుకే అయితే అది త్వరగా చల్లారేది. మూత కావాలన్నవాళ్లే ఎక్కువ, ఆ సంగతికి తర్వాత వస్తాను. కోపం వచ్చింది ఎవరిని ఆపుతున్నారు, ఎవరిని వదులుతున్నారు అన్న దగ్గర. అదే ఆగస్టులో, ఉత్తర న్యూ సౌత్ వేల్స్‌లో ఉండే ఒక గర్భిణికి అత్యవసర చికిత్స కావాల్సి వచ్చింది. దగ్గరున్నది క్వీన్స్‌లాండ్‌లోని బ్రిస్బేన్. సరిహద్దు నిబంధనల వల్ల ఆమె సిడ్నీకి విమానం కోసం గంటల తరబడి వేచి ఉండాల్సి వచ్చింది. కవలల్లో ఒక బిడ్డ దక్కలేదు. క్వీన్స్‌లాండ్ ఆస్పత్రులు క్వీన్స్‌లాండ్ వాసుల కోసమని ఆ రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి) అనస్టేసియా పలాషే ఆ రోజుల్లోనే అన్నారు. ఆ మాట దేశమంతా గాయంగా మిగిలింది. సెప్టెంబరులో బ్రిస్బేన్ క్వారంటైన్‌లో ఉన్న ఒక యువతిని తండ్రి అంత్యక్రియలకు పంపలేదు. ప్రధాని స్కాట్ మోరిసన్ స్వయంగా ఫోన్ చేసినా, ఆమెకు దక్కింది విడిగా భౌతికకాయాన్ని చూసుకోవడం మాత్రమే. అదే కాలంలో ఫుట్‌బాల్ జట్లు, అధికారులు, కుటుంబాలు క్వీన్స్‌లాండ్ వచ్చి హోటళ్లలో దిగాయి. అక్టోబరు 24న ఏఎఫ్ఎల్ ఫైనల్ బ్రిస్బేన్ గాబా మైదానంలో జరిగింది. కన్నవాళ్ల అంత్యక్రియలకు వెళ్లలేని మనిషి, ఆట చూడ్డానికి వచ్చినవాళ్లను టీవీలో చూడాల్సి రావడం అన్యాయమే. ఏ వైద్య కారణమూ దాన్ని కడిగేయలేదు.

కోర్టు మెట్లు ఎక్కింది మాత్రం ఒక కోటీశ్వరుడు. గనుల వ్యాపారి క్లైవ్ పామర్‌ను పశ్చిమ ఆస్ట్రేలియాలోకి రానివ్వలేదు. 92వ సెక్షన్ ఉల్లంఘన అని ఆయన వాదించారు. కేంద్రం మొదట ఆయన పక్షాన నిలిచి, జనాగ్రహం చూసి ఆగస్టులో వెనక్కి తగ్గింది. నవంబరు 6న హైకోర్టు పామర్ వాదనను కొట్టేసింది, కారణాలు 2021 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. అత్యవసర చట్టం ప్రకారం ప్రజారోగ్యం కోసం తగిన మేర సరిహద్దు మూయవచ్చన్నది సారాంశం. మార్చి 13న రాష్ట్ర ఎన్నికల్లో ప్రీమియర్ మార్క్ మెక్‌గోవన్ పార్టీ 59 స్థానాల్లో 53 గెలిచింది. లిబరల్ పార్టీకి మిగిలినవి రెండు. లోపలున్నవాళ్లు మూసిన తలుపును ప్రేమించారు. బయట చిక్కుకున్నవాళ్ల ఓట్లు లెక్కకు రావు, వాళ్ల అర్జీలు మాత్రమే వస్తాయి.

విక్టోరియా కూడా సరిహద్దు మూసినప్పుడు అలాంటి అర్జీలకు ఏమైందో ఆ రాష్ట్ర అంబుడ్స్‌మన్ డెబొరా గ్లాస్ 2021 డిసెంబరులో లెక్క తీశారు. జులై 9 నుంచి సెప్టెంబరు 14 దాకా 33 వేలకు పైగా మినహాయింపు అర్జీలొస్తే, మంజూరైనవి 8 శాతం. ముసలి తల్లిదండ్రుల దగ్గరకు పోవాలన్నవాళ్లూ, సొంత ఇంటికి చేరాలన్నవాళ్లూ సాక్ష్యాల మీద సాక్ష్యాలు పంపి, కారణం చెప్పని తిరస్కరణలు అందుకున్నారు. అధికారుల తీరు కొన్ని కేసుల్లో అన్యాయమని ఆమె సూటిగానే రాశారు. ఆ ఏడు సెప్టెంబరులో తండ్రుల దినోత్సవం నాడు, క్వీన్స్‌లాండ్ కూలంగట్టాకూ న్యూ సౌత్ వేల్స్ ట్వీడ్ హెడ్స్‌కూ మధ్య వీధిలో అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ దిమ్మెల మీదుగా పిల్లలు తండ్రులను కౌగిలించుకున్నారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు.

మన తెలుగువాళ్లకు ఈ కథ పరాయిది కాదు. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు దగ్గరపడ్డారు. ఆ ఏడు మే 3 నుంచి, గత 14 రోజుల్లో భారత్‌లో ఉన్నవాళ్లు, ఆస్ట్రేలియా పౌరులైనా సరే, దేశంలో అడుగుపెడితే 5 ఏళ్ల దాకా జైలు, 66,600 డాలర్ల దాకా జరిమానా అని కేంద్రం హెచ్చరించింది. తిరిగి వెళ్లాలని పేరు నమోదు చేసుకున్నవాళ్లు దాదాపు 9 వేలు. మే 15న ఆ నిషేధం ముగిసింది, మానని మంట మిగిల్చింది. అదే మే నెలలో, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు బయల్దేరిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు, 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. మన రాజ్యాంగం 301వ అధికరణానికి మాతృక ఆస్ట్రేలియా 92వ సెక్షనే. ఇక్కడ కోర్టు రోజుల్లో మాట్లాడింది, అక్కడ నెలలు పట్టింది.

టీకాలు వచ్చాక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2021 నవంబరు 23న సౌత్ ఆస్ట్రేలియా, డిసెంబరు 13న క్వీన్స్‌లాండ్ తెరిచాయి. పశ్చిమ ఆస్ట్రేలియా మాత్రం 2022 ఫిబ్రవరి 5 అని మాటిచ్చి, జనవరి 20 రాత్రి దాన్ని రద్దు చేసింది. టికెట్లు కొనుక్కున్నవాళ్లు, పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు, రెండేళ్లుగా మనవలను చూడని పెద్దవాళ్లు ఆ రాత్రి పడ్డ నిరాశ, మొదటి మూత రోజున పడ్డదానికన్నా ఎక్కువ. మొదటి మూతలో భయం ఉంది, ఈసారి తప్పిన మాట ఉంది. చివరికి మార్చి 3న తెరిచారు, 2020 ఏప్రిల్ 5న గట్టి మూత మొదలైన 697 రోజులకు.

2024 అక్టోబరులో వెలువడిన కేంద్ర విచారణ నివేదిక, ప్రభుత్వం మీద జనం నమ్మకం బాగా సన్నగిల్లిందనీ, అలాంటి ఆంక్షలను మళ్లీ అంతే సహనంతో ఒప్పుకునే అవకాశం తక్కువనీ చెప్పింది. రోగ నియంత్రణకు జాతీయ కేంద్రం పెట్టాలని సూచించింది, అది 2026 జనవరిలో పని మొదలుపెట్టింది. సరిహద్దు మూసే అధికారం మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉంది, పామర్ కేసు తీర్పు దానికి అండగా ఉంది.