పక్క తడిపే పిల్లలు, తాయెత్తు, ఒక హార్మోన్

పక్క తడిపే పిల్లవాడి మొలతాడుకి తాయెత్తు కట్టడం నేను చాలా ఇళ్ళలో చూశాను. వాత పెడతామని భయపెట్టడం, చుట్టాల ముందు నవ్వడం దానికి అదనం. ఈ ఘనత మన ఒక్కరిదే కాదు లెండి. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఉడకబెట్టిన ఎలుకలు తినిపించమన్నాడు. 16వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ ఫేర్ కోడిపుంజు గొంతుగొట్టం పొడి ఇమ్మన్నాడు.

అసలు విషయం మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో దొరికింది. దాని రసం ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతుందని 1895లో ఆలివర్, షేఫర్ చూపించారు. వాసోప్రెసిన్ అన్న పేరు రక్తనాళాల మీద దాని ప్రభావాన్ని బట్టి వచ్చిందే. 1913లో జర్మనీలో ఫాన్ డెన్ వెల్డెన్, ఇటలీలో ఫరీని, ఎవరికి వారు, అదే రసం అతిమూత్ర రోగుల మూత్రాన్ని తగ్గిస్తుందని కనుక్కున్నారు. మూత్రపిండాలు నీటిని తిరిగి రక్తంలోకి లాక్కునేలా చేస్తుందన్నమాట. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ హార్మోన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన డు విన్యో బృందం నాయకుడికి 1955లో నోబెల్ వచ్చింది. 1967లో ప్రాగ్‌లో జావోరల్ బృందం అందులో చిన్న మార్పులు చేసి డెస్మోప్రెసిన్ తయారుచేసింది. రక్తపోటు పెంచే గుణం దాదాపు పోయింది, మూత్రం తగ్గించే గుణం మిగిలింది.

మరి పక్క తడపడానికీ దీనికీ సంబంధం? 1985లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో నోర్‌గార్డ్, ఆయన సహచరులు పిల్లల రక్తంలో ఈ హార్మోన్‌ను పగలూ రాత్రీ కొలిచారు. మామూలుగా రాత్రి అది పెరుగుతుంది. పక్క తడిపే పిల్లల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. రాత్రి మూత్రం మూత్రాశయం పట్టనంత తయారవుతోంది, పిల్లవాడికి మెలకువ రావడం లేదు. ఇందులో వాడి బద్ధకం ఎక్కడుంది? అందరిలోనూ ఇదే కారణం కాదు. కొందరిలో హార్మోన్ సరిగ్గానే ఉంటుంది, మూత్రాశయమే తక్కువ పడుతుంది. వంశపారంపర్యం కూడా ఉంది. 1995లో డెన్మార్క్ కుటుంబాల్లో 13వ క్రోమోజోమ్‌తో సంబంధం దొరికింది. తిట్టే తండ్రి ఒకసారి తన తల్లిని అడిగి చూస్తే బాగుంటుంది!

"మా వాడికి తాయెత్తుతో తగ్గింది" అంటారు. పక్క తడిపే పిల్లల్లో ఏటా నూటికి సుమారు 15 మందికి ఏ వైద్యం లేకుండానే తగ్గిపోతుంది. ఆ 15 మంది లెక్క బాబాకి పోతుంది, మిగతా 85 మందిని ఎవరూ లెక్కపెట్టరు.

మాత్రను కూడా మంత్రం చెయ్యక్కర్లేదు. ఆపేస్తే చాలామందికి మళ్ళీ మొదలవుతుంది. తడి తగలగానే గంట మోగే పరికరాన్ని 1938లో మౌరర్ దంపతులు వివరించారు, దాని ఫలితమే ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ మందు వేసుకుని నీళ్ళు ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పక్క తడపడానికి ముక్కు స్ప్రే వాడొద్దంది.

ఇంకొక రకం ఉంది. ఆరు నెలలపైగా పొడిగా పడుకున్న పిల్లవాడు హఠాత్తుగా మళ్ళీ పక్క తడుపుతూ, దాహం దాహం అంటూ చిక్కిపోతుంటే, వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి. టైప్ 1 మధుమేహం అలా కూడా బయటపడుతుంది, ఇన్సులిన్ అందకపోతే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తాయెత్తు పనిచేస్తుందేమోనని చూసేంత వ్యవధి అక్కడ ఉండదు.