నేరస్థలంలో పోలీసులు ఏం చేస్తారు? ఇంటివాళ్లు ఏం చేయకూడదు?

ఇంట్లో దొంగతనం జరిగినా, ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోయినా అక్కడికి ముందు చేరేది పోలీసులు కాదు. ఇంటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే. చిందరవందరగా ఉన్న బీరువా సర్దేస్తారు, నెత్తురు కడిగేస్తారు, పడి ఉన్న కత్తి తీసి పక్కన పెడతారు. ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ ఒకసారి చెదిరిన నేరస్థలాన్ని మళ్లీ ఉన్నదున్నట్టు చేయడం ఎవరి తరమూ కాదు.

పోలీసులు వచ్చాక

మొదటి పని ప్రాణం కాపాడటం. గాయపడినవారిని ఆసుపత్రికి పంపాకే మిగతావన్నీ. తర్వాత చుట్టూ టేపు కట్టి జనాన్ని బయటికి పంపిస్తారు. లోపలికి వెళ్లి రావడానికి ఒకే దారి పెట్టి, ఎవరు ఎప్పుడు వెళ్లారో రాసుకుంటారు.

ఏ వస్తువునూ ముట్టుకోకముందే ఫొటోలు, వీడియో తీస్తారు. కొలతలతో స్కెచ్ గీస్తారు. ఆ తర్వాతే క్లూస్ టీమ్ వేలిముద్రలు, వెంట్రుకలు, రక్తపు మరకలు సేకరిస్తుంది. నెత్తురంటిన తడి బట్టలను ఆరబెట్టి కాగితపు కవర్లలో పెడతారు. ప్లాస్టిక్ కవర్లో తేమ నిలిచి డీఎన్‌ఏ పాడవుతుంది. ప్రతిదానికీ సీలు వేసి, పంచుల ఎదుట పంచనామా రాస్తారు. ఆ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో లెక్క తెగితే కోర్టులో కేసు బలహీనపడుతుంది.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ 105 ప్రకారం సోదాలు, జప్తులను వీడియో తీయాలి. 7 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలని సెక్షన్ 176(3) చెబుతోంది. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల వరకు గడువు ఇచ్చారు.

మరణం జరిగిన ఇంట్లో

మరణంపై అనుమానం ఉంటే గుస్ల్‌కు తొందరపడకూడదు. నీళ్లు పడితే ఒంటిమీది ఆనవాళ్లు, గోళ్ల కింద చిక్కుకున్న చర్మపు తునకలు కొట్టుకుపోతాయి. శవ పంచనామా, పోస్టుమార్టం పూర్తయ్యాక మయ్యత్‌ను ఇంటివాళ్లకు అప్పగిస్తారు. గుస్ల్, కఫన్, జనాజా నమాజ్ అప్పుడు చేసుకోవచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి

* వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి.
* గది తలుపు దగ్గరకు వేసి, ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు.
* కంగారులో ఏదైనా ముట్టుకుని ఉంటే దాచకుండా పోలీసులకు చెప్పేయాలి.
* ఫిర్యాదు చేసినవారికి, బాధితులకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోవాలి.