ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్

ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎఫ్-1 వీసాపై చదువుకొన్న విదేశీ విద్యార్థులు తాము చదివిన రంగంలో పరిమిత కాలం ఉద్యోగం చేసుకొనుటకు ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే అనుమతి. దీనిని సంక్షిప్తంగా ఓపీటీ అంటారు. ఒక్కొక్క విద్యాస్థాయికి 12 నెలల చొప్పున ఈ అనుమతి లభిస్తుంది. శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత రంగాలలో పట్టా పొందినవారు మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. ఈ నాలుగు రంగాలను కలిపి స్టెమ్ అని పిలుస్తారు. ఓపీటీ ప్రత్యేకమైన వీసా కాదు. ఈ కాలంలో కూడా వ్యక్తి హోదా ఎఫ్-1 విద్యార్థిగానే కొనసాగుతుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండి ఎం.ఎస్. చదువుకై వెళ్ళే విద్యార్థులలో అధికులు కంప్యూటరు, ఇంజనీరింగు శాఖలకు చెందినవారు. కావున ఓపీటీ నియమాలు తెలుగు కుటుంబాలకు నేరుగా సంబంధించిన విషయం అయినాయి.

చరిత్ర

విదేశీ విద్యార్థులకు చదువు తరువాత ఆచరణాత్మక శిక్షణ పొందే అవకాశం అమెరికాలో 1947 నాటి నిబంధనలలోనే ఉంది. ప్రస్తుత పేరుతో, 12 నెలల పరిమితితో ఓపీటీ 1992లో ఏర్పడింది. 2003 నుండి విదేశీ విద్యార్థుల వివరాలన్నీ సెవిస్ అనే కంప్యూటరు వ్యవస్థలో నమోదు కావడం మొదలైంది.

2008 ఏప్రిల్‌లో హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం స్టెమ్ పట్టభద్రులకు 17 నెలల పొడిగింపు కల్పించింది. ప్రజాభిప్రాయం సేకరించకుండా ఈ నియమం చేశారని సాంకేతిక ఉద్యోగుల సంఘం ఒకటి దావా వేయగా, 2015 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానం దానిని కొట్టివేసింది. అయితే కొత్త నియమం తయారు చేసుకొనుటకు ప్రభుత్వానికి గడువు ఇచ్చింది. 2016 మార్చి 11న ప్రచురితమై మే 10 నుండి అమలులోకి వచ్చిన కొత్త నియమం పొడిగింపును 24 నెలలకు పెంచింది. ఆ సంఘం మళ్ళీ వేసిన దావాలో 2022 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానం ఓపీటీ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై విచారణకు నిరాకరించింది.

2022 జనవరిలో స్టెమ్ జాబితాలో మరో 22 విద్యాశాఖలను చేర్చారు.

అర్హతలు

ఓపీటీ పొందగోరే విద్యార్థి కనీసం ఒక పూర్తి విద్యాసంవత్సరం గుర్తింపు పొందిన సంస్థలో పూర్తికాల విద్యార్థిగా చదివి ఉండాలి. చేసే పని చదివిన ప్రధాన శాఖకు సంబంధించినదై ఉండాలి. బ్యాచిలర్ పట్టా తరువాత ఒకసారి, మాస్టర్స్ తరువాత ఒకసారి, డాక్టరేటు తరువాత ఒకసారి ఈ అవకాశం వాడుకొనవచ్చు. అదే స్థాయిలో రెండవ పట్టా తీసుకొన్నంత మాత్రాన మరల 12 నెలలు రావు.

చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణను సీపీటీ అంటారు. పూర్తికాల సీపీటీని 12 నెలలు లేదా అంతకు మించి వాడుకొన్నవారు ఆ స్థాయిలో ఓపీటీ అర్హతను పూర్తిగా కోల్పోతారు. చదువుతూ ఉండగానే ఓపీటీ వాడుకొంటే, ఆ కాలాన్ని తరువాతి 12 నెలల నుండి మినహాయిస్తారు.

దరఖాస్తు విధానం

ముందుగా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి సెవిస్‌లో సిఫారసు నమోదు చేసి కొత్త ఐ-20 పత్రం ఇస్తారు. ఆ అధికారిని డీఎస్‌ఓ అంటారు. సిఫారసు నమోదైన 30 రోజుల లోపు విద్యార్థి ఐ-765 దరఖాస్తును అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థకు పంపాలి. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుండి, ముగిసిన తరువాత 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చు. 2024 ఏప్రిల్ 1న అమలైన పట్టిక ప్రకారం రుసుము ఆన్‌లైన్‌లో 470 డాలర్లు, కాగితంపై 520 డాలర్లు. అదనపు రుసుముతో త్వరగా పరిష్కరించే సౌకర్యం 2023 మార్చి నుండి ఓపీటీ దరఖాస్తుదారులకు లభించింది.

అనుమతి మంజూరైన పిమ్మట ఈఏడీ కార్డు వస్తుంది. ఆ కార్డు చేతికి వచ్చి, దానిపై ముద్రించిన ప్రారంభ తేదీ రానిదే పనిలో చేరరాదు.

ఉదాహరణకు మార్టూరు నుండి వెళ్ళిన ఒక విద్యార్థికి ఎం.ఎస్. చదువు 2024 మే 10న ముగిసినదనుకొందాం. గడువులు ఈ విధంగా ఉంటాయి:

- ఓపీటీ దరఖాస్తుకు మొదటి రోజు 2024 ఫిబ్రవరి 10, చివరి రోజు జూలై 9.
- ప్రారంభ తేదీని మే 11 నుండి జూలై 9 లోపు ఎన్నుకొనాలి. జూన్ 1ని ఎన్నుకొంటే 12 నెలలు 2025 మే 31తో ముగుస్తాయి.
- జూన్ 1 నుండి అసలు ఉద్యోగమే దొరకకపోతే, అనుమతించిన 90 నిరుద్యోగ దినాలు ఆగస్టు 29తో పూర్తవుతాయి.
- స్టెమ్ పొడిగింపుకు 2025 మార్చి 2 నుండి మే 31 లోపు దరఖాస్తు చేయాలి. అది లభిస్తే 2027 మే 31 వరకు పని చేయవచ్చు.

ఆలస్యంగా దరఖాస్తు చేసినవారు కొంత కాలం నష్టపోవచ్చు. చదువు ముగిసిన 14 నెలల లోపు మొదటి ఓపీటీ పూర్తి కావాలనే నిబంధన ఇందుకు కారణం.

నిరుద్యోగ దినాల లెక్క

ఓపీటీ నియమాలలో విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి 12 నెలలలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. స్టెమ్ పొడిగింపు లభిస్తే మరో 60 రోజులు కలిసి మొత్తం 150 రోజులు అవుతాయి. ఈ రోజులు వరుసగా ఉండనక్కరలేదు. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీలన్నీ కలిపి లెక్కిస్తారు. ఉద్యోగం లేని కాలంలో స్వదేశం వెళ్ళి వచ్చినా ఆ రోజులు లెక్కలోకి వస్తాయి.

లెక్క ఈఏడీ కార్డుపై ఉన్న ప్రారంభ తేదీ నుండి మొదలవుతుంది. వారానికి కనీసం 20 గంటల పని ఉంటేనే ఉద్యోగంగా పరిగణిస్తారు. మొదటి 12 నెలలలో చదివిన రంగంలో జీతం లేని స్వచ్ఛంద సేవ, స్వయం ఉపాధి కూడా చెల్లుతాయి. స్టెమ్ పొడిగింపులో ఈ రెండూ చెల్లవు.

ఉద్యోగం ఉన్నప్పటికీ దాని వివరాలు సెవిస్‌లో నమోదు చేయకపోతే నిరుద్యోగిగానే కనిపిస్తారు. యజమాని, చిరునామా వంటి మార్పులను 10 రోజుల లోపు తెలియజేయాలి. 2018 నుండి విద్యార్థులే స్వయంగా వివరాలు మార్చుకొనే పోర్టల్ ఉంది. 2025 మే నెలలో, 90 రోజులు దాటినా యజమాని వివరాలు లేని విద్యార్థులకు రికార్డు రద్దు కాగలదని అమెరికా అధికారులు హెచ్చరిక లేఖలు పంపారు.

ఓపీటీ సక్రమంగా ముగిసినవారికి దేశం విడిచి వెళ్ళుటకు గాని, మరో చదువులో చేరుటకు గాని 60 రోజుల గడువు ఉంటుంది. నిరుద్యోగ పరిమితి దాటినవారికి ఈ గడువు వర్తించదు.

స్టెమ్ పొడిగింపు

ఈ పొడిగింపుకు యజమాని ఈ-వెరిఫై అనే ప్రభుత్వ తనిఖీ వ్యవస్థలో నమోదై ఉండాలి. విద్యార్థి, యజమాని కలిసి ఐ-983 అనే శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. జీతం అదే పని చేసే స్థానికుల జీతంతో సమానంగా ఉండాలి. ప్రతి 6 నెలలకు వివరాలు ధ్రువీకరించాలి. మొదటి 12 నెలల తరువాత ఒకసారి, శిక్షణ ముగింపులో ఒకసారి స్వీయ మూల్యాంకనం సమర్పించాలి. సకాలంలో దరఖాస్తు చేసినవారు నిర్ణయం వచ్చే వరకు, గరిష్ఠంగా 180 రోజులు, పాత కార్డుతోనే పని చేయవచ్చు. ఉన్నత స్థాయిలో మరో స్టెమ్ పట్టా పొందినవారు జీవితంలో రెండవసారి కూడా ఈ పొడిగింపు కోరవచ్చు.

హెచ్-1బి వీసాతో సంబంధం

ఓపీటీ తరువాత అమెరికాలో ఉద్యోగం కొనసాగించుటకు ఎక్కువ మంది హెచ్-1బి వీసాను ఆశ్రయిస్తారు. వీటి సంఖ్య ఏడాదికి 65,000. అమెరికా మాస్టర్స్ పట్టా గలవారికి అదనంగా 20,000 కేటాయించారు. ఎంపికకు పేర్లు మార్చిలో నమోదవుతాయి. పై ఉదాహరణలోని విద్యార్థికి 36 నెలలలో 2025, 2026, 2027 మార్చిలలో మూడు అవకాశాలు ఉంటాయి. స్టెమ్ కాని శాఖలో చదివితే ఒక్కటే మిగులుతుంది. ఓపీటీ ముగిసి, ఎంపికైన హెచ్-1బి ఇంకా మొదలు కాని వ్యవధిని కాపాడే నియమాన్ని క్యాప్-గ్యాప్ అంటారు. 2025 జనవరి 17 నుండి ఈ రక్షణ తరువాతి ఏప్రిల్ 1 వరకు పొడిగింపబడింది.

2025 సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుండి హెచ్-1బికి హోదా మార్పు పొందేవారికి ఇది వర్తించదని అక్టోబరులో అధికారులు వివరించారు. 2025 డిసెంబరులో ప్రచురితమైన మరో నియమం ఎంపికలో అధిక వేతన స్థాయి గలవారికి ఎక్కువ అవకాశం కల్పించింది. తక్కువ వేతన స్థాయిలో ఉద్యోగం ప్రారంభించే కొత్త పట్టభద్రులకు దీనివల్ల అవకాశం తగ్గుతుంది.

తెలుగు విద్యార్థులు

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వీరిలో 97,556 మంది ఓపీటీలో ఉన్నారు. 2024-25లో ఈ సంఖ్యలు వరుసగా 3,63,019, 1,43,740కి చేరాయి. అనగా ప్రతి పదిమందిలో సుమారు నలుగురు చదువు ముగించి పని అనుమతిపై ఉన్నవారే. వీసా కొరకు చెన్నై వెళ్ళవలసిన తెలుగు విద్యార్థులకు 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ప్రారంభమగుటతో ఆ ప్రయాస తగ్గింది.

మార్టూరు 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. ఇది 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. పత్తి, మిరప, పొగాకు సాగుతో పాటు గ్రానైటు పరిశ్రమ ఇక్కడి ఆదాయ వనరులు. ఇటువంటి ప్రాంతాలలో పిల్లల విదేశీ చదువుకు పొలం గాని, ఇల్లు గాని హామీగా పెట్టి అప్పు తెచ్చే కుటుంబాలు ఉన్నాయి. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం రూ. 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి హామీ అవసరం. చదువు కాలం, ఆపై ఒక సంవత్సరం వరకు వాయిదాల చెల్లింపు ఉండదు. ఆ సంవత్సరం దాదాపుగా మొదటి ఓపీటీ కాలమే. కావున ఓపీటీలో ఉద్యోగం దొరకని విద్యార్థికి అక్కడ అనుమతి గడువు, ఇక్కడ బ్యాంకు గడువు దగ్గర దగ్గరగా ముగుస్తాయి. వాయిదాలు రూపాయలలో మొదలయ్యేనాటికి సంపాదన డాలర్లలో ఉంటుందన్న అంచనాపైనే ఇటువంటి అప్పులు ఆధారపడతాయి. మిరప ధర పడిపోయిన సంవత్సరంలో ఆ భారం మరింత పెరుగుతుంది.

మోసాలు, చట్టపరమైన చర్యలు

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై అధికారులు దాడి చేసి దానిని మూసివేశారు. అక్కడ నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థులలో అత్యధికులు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు. తరగతులకు హాజరు కాకపోయినా హోదా, పని అనుమతి కల్పిస్తూ రుసుములు వసూలు చేసినట్లు విచారణలో తేలింది. కొందరు విద్యార్థుల కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. సంస్థ వ్యవస్థాపకురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా జైలు శిక్ష పడింది.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే నిఘా కోసం నెలకొల్పిన బూటకపు సంస్థ. మొదట అరెస్టయిన సుమారు 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వీరిలో తెలుగువారు అధికం. విద్యార్థులను చేర్పించిన 8 మంది దళారులపై నేరారోపణ జరిగింది. 2020 అక్టోబరులో, లేని కంపెనీలలో పని చేస్తున్నట్లు ఓపీటీ వివరాలు చూపిన 15 మందిని అరెస్టు చేయగా, అందులో 11 మంది భారతీయులు.

ఈ మూడు ఉదంతాలలోనూ సమస్య పత్రాలలో చూపిన చదువు లేదా ఉద్యోగం వాస్తవంగా లేకపోవడమే. అనుభవం లేకపోయినా ఉన్నట్లు చూపే కన్సల్టెన్సీల ద్వారా నమోదైన ఉద్యోగం తరువాతి వీసా, గ్రీన్ కార్డు దరఖాస్తుల సమయంలో కూడా పరిశీలనకు వస్తుంది.

ఇతర దేశాలలో

- బ్రిటన్: 2012లో రద్దయిన చదువు అనంతర పని అనుమతి 2021 జూలైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో 2 సంవత్సరాలకు తిరిగి వచ్చింది. డాక్టరేటు వారికి 3 సంవత్సరాలు. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేసే ఇతరులకు ఇది 18 నెలలకు తగ్గుతుందని 2025లో ప్రకటించారు.
- కెనడా: చదువు నిడివిని బట్టి గరిష్ఠంగా 3 సంవత్సరాల పని అనుమతి ఇస్తారు. 2024 నవంబరు నుండి భాషా పరీక్ష నిబంధన చేరింది.
- జర్మనీ: పట్టా పొందిన తరువాత ఉద్యోగం వెదకుకొనుటకు 18 నెలల నివాస అనుమతి లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

- హెచ్-1బి వీసా
- మార్టూరు
- బాపట్ల జిల్లా
- అమెరికాలో తెలుగువారు