సంవత్సరం ముందా, తేదీ ముందా?

వ్రతం నాడు పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు ఒక్కసారి శ్రద్ధగా వినండి. ముందు సంవత్సరం పేరు, తర్వాత అయనం, ఋతువు, మాసం, పక్షం, ఆ పైన తిథి. పెద్దది ముందు, చిన్నది వెనక. ఇందులో ఆచారమే కాదు, లెక్క కూడా ఉందండోయ్! ఏ సంవత్సరమో తెలిస్తేనే గాని అందులో మాసాలు పన్నెండో పదమూడో తేలదు. 2023లో, శోభకృత్‌లో, శ్రావణాలు రెండు వచ్చాయి. అందుకే నిజ శ్రావణం దాకా ఆగి, ఆగస్టు 25న వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాం.

ఇంగ్లీషు తేదీకీ ఈ ముడి ఉంది. కంప్యూటర్లో దరఖాస్తు నింపబోతే తేదీ, నెల, సంవత్సరం అని మూడు గళ్ళు కనిపిస్తాయి. ఏప్రిల్ ఎంచుకుంటే తేదీల గడిలో 31 మాయమవ్వాలి. ఫిబ్రవరి అయితే సంవత్సరాన్ని అడగందే 29 ఉంచాలో తీసెయ్యాలో తెలీదు. 1582లో పోపు గ్రెగరీ దిద్దించిన లెక్కలో నాలుగేళ్ళకోసారి లీపు. శతాబ్దపు ఏడు మాత్రం నాలుగు వందలతో భాగింపబడాలి. అందుకే 1900లో ఫిబ్రవరి 29 లేదు, 2000లో ఉంది. మూడు గళ్ళనీ ముడివెయ్యకపోతే ఫిబ్రవరి 31 కూడా నిక్షేపంగా దూరిపోతుంది. కొన్ని కంప్యూటర్ భాషలైతే దాన్ని చప్పుడు చెయ్యకుండా మార్చి 3 చేసేస్తాయి!

మరి మన పేర్ల సంవత్సరాల సంగతి? అవి అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. తానీషా కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చింది 1678లో అని చెబుతారు. అది కాళయుక్తి. 1978 కూడా కాళయుక్తే! ఆ ఊళ్ళోనే వెంపటి చినసత్యం గారు 1929 అక్టోబరు 15న పుట్టారు. అది శుక్ల. 1989లో మళ్ళీ శుక్ల వచ్చింది. పైగా ఉగాది దాకా పాత పేరే నడుస్తుంది గనక 1930 ఫిబ్రవరిలో పుట్టినవాళ్ళదీ శుక్లే.

ఇంట్లో మామ్మగారు "ఫలానా సంవత్సరం, మాఘ మాసం" అంటే, ఆవిడ పింఛను కాగితంలో ఏ అంకె పడాలో తేల్చాల్సింది మనమే. ఒక్క ఏడు తేడా వస్తే వయసు చాలదంటారు. గళ్ళు ఏ వరసలో ఉన్నా సరే, సంకల్పంలోలాగే ముందు సంవత్సరం తేల్చుకోండి, తర్వాత నెల, ఆఖర్న తేదీ. బొత్తాం నొక్కేముందు మూడూ కలిపి పైకి చదవండి. మామ్మగారు విని ఔనంటే అప్పుడు పంపండి.