పటమట నుంచి గట్టు దారి

బెజవాడ (విజయవాడ) పక్కనున్న పటమట చుట్టుపక్కల అడవి లేదు. కృష్ణా డెల్టా చాలామటుకు వరి పండే నల్లరేగడి పల్లం. పొలంలో చెట్టు పెరిగితే దాని నీడ పడ్డంతమేరా పైరు దెబ్బతింటుందని రైతు జాగ్రత్తపడే నేల. అలాంటి చోట మైళ్ల తరబడి చెట్ల కింద సాగే దారి ఏర్పడిందంటే అది కాలువ గట్ల మీదే. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రాంతపు సైకిలు ప్రయాణానికి నీడ ఆ గట్ల పుణ్యమే.

గట్లకు మూలం కరువు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు తర్వాత కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట బలపడింది. ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరంలో చేసి చూపించిన పని దానికి ఊతమిచ్చింది. కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన ఆనకట్ట 1855 నాటికి ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య లేచి నిలబడింది. ఎడమ ఒడ్డున బెజవాడ ఊళ్లోంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు చీలాయి. వీటిలో బందరు కాలువ రాణిగారితోట, యనమలకుదురు మీదుగా పటమటకు దక్షిణంగా పారుతుంది.

ఇవి నీళ్లు పారడానికే తవ్వినవి కావు, పడవలు నడవడానికి కూడా. ఏలూరు కాలువ ఏలూరు దగ్గర గోదావరి కాలువతో కలిసింది. ఆనకట్టకు అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ, దానికి ఆనుకుని బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా సాగాయి. కాకినాడలో ధాన్యం ఎత్తిన పడవ సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే పడవకు పొడవాటి మోకు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. ముందుకు వంగి, భుజానికి మోకు వేసుకుని, రోజుకు మైళ్ల కొద్దీ నడిచిన ఆ కూలీల పాదాలే గట్టు అంచున బాటను గట్టిపరిచాయి. తర్వాతి కాలంలో సైకిలు చక్రం దొర్లింది ఆ బాట మీదే. దారి ఎవరు వేశారని అడిగితే ఇంజనీర్ల కంటే ముందు ఆ మోకు లాగినవాళ్లను తలుచుకోవడం న్యాయం.

చెట్లకు కారణం వేరే. మట్టి కట్టను వేళ్లు పట్టి ఉంచుతాయి. కట్టెలు, కాయలు వేలం వేస్తే నీటిపారుదల శాఖకు నాలుగు డబ్బులు వస్తాయి. నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది కాబట్టి నల్లతుమ్మ గట్లకు అచ్చి వచ్చింది. దాని కలప బండి చక్రాలకు, నాగళ్లకు పనికొచ్చేది. కానుగ, రావి, తాడి ఎలాగూ ఉన్నాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నిద్రగన్నేరు కొమ్మలు చాచి గట్టును పందిరి కింద పెట్టింది. సాయంత్రం దాని ఆకులు ముడుచుకోగానే కింద కాస్త వెలుతురు పెరుగుతుంది. చీకటి పడేలోపు ఇల్లు చేరాలనుకునేవాడికి ఆ కాస్త వెలుగూ ఆసరాయే.

సైకిలు మొదట్లో దిగుమతి సరుకు, డబ్బున్నవాళ్ల వాహనం. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1950ల్లో ఉత్తరాదిన అట్లాస్, హీరో కంపెనీలు మొదలయ్యాక అది బడిపంతులుకూ పాలవాడికీ అందింది. కొనలేనివాళ్లకు గంటల లెక్కన సైకిళ్లిచ్చే అద్దె షాపులుండేవి. మునిసిపాలిటీకి ఏటా పన్ను కట్టి రేకు బిళ్ల తగిలించుకోవలసి వచ్చేది. రాత్రి దీపం లేకుండా తొక్కితే జరిమానా పడేది.

గట్టు దారిన బయలుదేరాలంటే లెక్కలు చాలానే ఉండేవి. మొదటిది కాలువ పంచాంగం. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టేసి, వానాకాలం సాగుకు మళ్లీ వదిలేవారు. కాలువ కట్టేసిన రోజుల్లో బాట ఎండి గట్టిపడి చక్రం బాగా దొర్లుతుంది, నీడ కోసం పోయే ప్రయాణం కూడా అప్పుడే ఎక్కువ. వానలు పడ్డాక నల్లరేగడి బంక టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని బిగించేస్తుంది. దిగి పుల్లతో గోకి మళ్లీ ఎక్కడం, వంద గజాలకు మళ్లీ దిగడం. రెండోది గాలి. నేల దాదాపు సమతలం కాబట్టి ఎత్తుపల్లాల బాధ లేదు, కాళ్లకు ఎదురయ్యేది గాలే. సముద్రపు గాలి తూర్పు దిక్కు నుంచి సాయంత్రానికి లోపలికి తిరుగుతుంది కనుక తెల్లవారుజామున బందరు వైపు వెళ్లి, పొద్దు వాలాక గాలిని వీపున పెట్టుకుని వెనక్కి రావడం తెలివైన పని. రోహిణి కార్తెలో పడమటి వడగాలి ఈ లెక్కను తారుమారు చేసేది. మూడోది తుమ్మముల్లు. సొల్యూషన్, రబ్బరు ముక్క, గాలి పంపు లేకుండా గట్టెక్కినవాడు సైకిలును నడిపించుకుంటూ రావాల్సిందే. కాలువలో నీళ్లున్న రోజుల్లో ట్యూబులో చిల్లి ఎక్కడుందో చూడటానికి మాత్రం తొట్టి అక్కర్లేదు, కాలువ పక్కనే ఉంది. కాలువ దాటాలంటే లాకులో వంతెనో వచ్చేదాకా ఆగాలి, అందుచేత ఏ ఒడ్డున వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. డైనమో దీపం చక్రం వేగాన్ని బట్టి వెలుగుతుంది. గుంతలు చూసుకుంటూ మెల్లగా తొక్కే చోట, వెలుతురు బాగా కావలసిన సమయంలోనే, అది మినుకుమినుకుమంటుంది.

గట్టు మీద అందరికీ ఒకే స్వేచ్ఛ లేదు. ఎడ్లబండి తడి గట్టు మీద గాడి తీస్తే అందులో నీరు నిలిచి కట్ట బలహీనపడుతుంది. గట్లు కాచే లస్కర్లు నీటి మట్టం, గండ్లు కనిపెడుతూ ఆ బాటనే తిరిగేవారు. తేలికైన సైకిలు వల్ల కట్టకు బండి చేసేంత చేటు లేదు.

1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు పడింది. తర్వాత బస్సులు, లారీలు వచ్చి పడవల బేరాన్ని మింగేశాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడగా, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో సిద్ధమైంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని బలి తీసుకుంది; డెల్టాలో లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది. అన్నిటికంటే ఎక్కువగా బెజవాడ ఊరే పెరిగి దారిని మింగింది. నిలువ నీడ లేనివాళ్లు గట్ల మీదే గుడిసెలు వేసుకున్నారు. వాళ్లకు వేరే చోటు ఉండి ఉంటే కాలువ మురుగులో కాపురం పెట్టేవారు కాదు. పటమట పంచాయతీ ఊరుగా ఉండటం మానేసి నగరపాలక సంస్థలో కలిసిపోయింది. పక్కన ఆటోనగర్ లేచింది. బందరు రోడ్డు వెడల్పయింది, జాతీయ రహదారి అయింది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువల దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా ఆ పాత పడవల రాకపోకలు తిరిగి రాలేదు.

ఇప్పుడు పటమట నుంచి చెట్ల వెంట సైకిలు తొక్కదలచినవారికి రెండు దిక్కులున్నాయి. యనమలకుదురు నుంచి కృష్ణ కరకట్ట పట్టుకుని పెదపులిపాక, చోడవరం, తోట్లవల్లూరు మీదుగా అవనిగడ్డ వైపు సాగడం ఒకటి. ఒక పక్క నది, ఇంకో పక్క అరటి, చెరకు, పసుపు తోటలు. రెండోది ఊరు దాటి పడమరకు వెళ్లి ఇబ్రహీంపట్నం, మూలపాడు మీదుగా కొండపల్లి రిజర్వు ఫారెస్టు అంచు చేరడం. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి పెరిగే కొండలు అవి. బొమ్మల వాళ్ల కోసం ఆ కర్ర కొట్టి తెచ్చినవాళ్ల నడకతోనే అక్కడా సన్నబాటలు పడ్డాయి. గట్టు దారిలా అది సమతలం కాదు, రాళ్లూ ఏటవాలూ. లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.