ఒక్కటి ఖరీదు, వేయి చవుక

బజారులో కొన్న బోల్టుకు అయ్యే ఖర్చు కొద్ది రూపాయలే. కావలసిన కొలత దొరకక ఉప్పల్‌లోనో నాచారంలోనో ఒక లేత్ షాపుకు పోయి ఒక్కటి చేయించుకొంటే మాత్రం పదుల రెట్లు చెల్లించవలసి వస్తుంది. ఇనుము అదే, బరువూ అదే. షాపువాడు దోచుకొంటున్నాడని కొనేవాడు గొణుగుకోవడం పరిపాటి. ఆ అనుమానం ఎంతవరకు న్యాయం?

పూర్వం ఈ ప్రశ్నకు తావే లేదు. కమ్మరి చేసిన ప్రతి వస్తువూ విడిగా చేసినదే. ఇంగ్లండులో కూడ 18వ శతాబ్దిలో ఒక బోల్టుకు తగిన నట్టును ఆ బోల్టుకే సరిపెట్టి చేసేవారు. జత తప్పితే రెండూ వ్యర్థమే. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే మరలను ఒకే తీరుగా కోసే లేత్‌ను రూపొందించాడు. తరువాత, ఓడల తాళ్లకు కావలసిన కప్పీల కోసం మార్క్ బ్రూనెల్ ఊహించిన యంత్రాలను ఆయనే తయారుచేసి ఇచ్చాడు. 1808 నాటికి పోర్ట్స్‌మత్‌లో ఆ యంత్రాలపై ఏటా సుమారు 1,30,000 కప్పీలు తయారయ్యేవి. 110 మంది పని 10 మందితో నడిచింది. ఐతే ఆ యంత్రాలు మాత్రం ఒక్కొక్కటీ విడిగా, ఏళ్లతరబడి శ్రమించి చేసినవే!

ఇందుకు దృష్టాంతం నాచారానికి దగ్గరలోనే ఉన్నది. 1903లో సైఫాబాదులో నెలకొన్న టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. నాణెం మీద ముద్ర వేసే డైను ఎంతో నేర్పుతో తయారుచేయాలి. ఐనా దాని ఖర్చును వేలవేల నాణేలు పంచుకొంటాయి గనుక ఒక్కొక్క నాణెం వాటాకు వచ్చేది స్వల్పం.

లేత్ షాపుకు ఒక్క ఇరుసు కోరి వచ్చినవానికి అట్లా పంచుకొనే తోడు లేదు. టర్నర్ ముందు విరిగిన ముక్కను కొలిచి నమూనా గీయాలి. తగిన ఉక్కు కడ్డీ తేవాలి. దానిని చక్‌లో బిగించి, వంకర లేకుండా నడిమికి తేవాలి, ఉలి నూరాలి, పైపైన కోసి మైక్రోమీటరుతో చూడాలి. చివరి కోతలో చేయి జారితే మళ్లీ మొదటికే. వేయి చేసేచోట ఒకటి చెడితే లెక్కలోనికి రాదు. ఇక్కడ చెడినదే మొత్తం సరుకు.

సన్నాహానికి 180 నిమిషాలు, కోతకు 10 నిమిషాలు పట్టునని అనుకొందాము. ఒక్కటే చేస్తే 190 నిమిషాలు. పది చేస్తే ఒక్కొక్కదానికి 28. వేయి చేస్తే 10 నిమిషాల 11 సెకన్లు. షాపువాని లాభం ఇందులో ఎక్కడా చేర్చలేదు సుమా!

1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ స్థాపితమైన తరువాత లేత్ చక్‌ల వంటివి ఇక్కడే తయారైనవి. 1952లో అమెరికాలో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. దాని సంతతి నేడు నాచారపు షెడ్లలోనూ తిరుగుతున్నది. దీనితో, అదే భాగం మరల కావలసినపుడు ఆదేశాలు సిద్ధంగా ఉంటాయి. కడ్డీని బిగించడమూ, మొదటి ముక్కను కొలిచి చూడడమూ మాత్రం తప్పలేదు.

కొనేవాడు తగ్గించుకోగల ఖర్చు ఒకటున్నది. మిల్లీమీటరులో పదోవంతు తేడా చెల్లేచోట నూరోవంతు కావాలని నమూనాలో వ్రాస్తే, ఎవరికీ ఉపయోగపడని ఆ నునుపుకోసం టర్నర్ మరొక గంట లేత్ ముందు నిలబడవలసి ఉంటుంది.