అద్దానికి కాదు, ముఖానికి వెలుగు



మన భవనంలో పెళ్లికూతురి గదికి ఆనుకున్న బాత్‌రూమును బాగుచేయిస్తున్న సంగతి మీకు తెలుసు. వాష్ బేసిన్ పైన ఏ అద్దం పెట్టాలి, లైటు ఎక్కడ బిగించాలి అన్నది రెండు సమావేశాలైనా తేలలేదు. హాల్లో ఉన్న పాత టేకు చట్రం అద్దాన్నే పెట్టమని పెద్దవాళ్ల మాట. మన మొదటి తరం వాళ్లు చందాలు వేసుకుని కొన్నది మరి! ఎల్‌ఈడీలు వెలిగే కొత్త అద్దం కావాలని కుర్రవాళ్ల పట్టు. తేల్చుకునే ముందు అద్దం చరిత్ర ఒకసారి చూద్దాం.

కర్ణాటకలో స్థిరపడ్డ వాళ్లం కాబట్టి బేలూరు నుంచే మొదలుపెడదాం. హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించిన చెన్నకేశవాలయంలో దర్పణసుందరిని మనలో చాలామంది చూశాం. ఆమెది చేతి అద్దం. ఆ కాలపు అద్దమంటే మెరుగుపెట్టిన లోహం. కేరళలోని ఆరన్ముళలో రాగి, తగరం కలిపి ఇప్పటికీ అలాంటివి పోత పోస్తున్నారు. చేతి అద్దాన్ని వెలుతురు ఎటుంటే అటు తిప్పుకోవచ్చు.

గోడకు బిగించిన పెద్ద గాజు అద్దానికి ఆ వీలు లేదు. అందుకే ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనంలో 1684లో పూర్తయిన అద్దాల మందిరంలో 357 అద్దాలను తోటవైపు కిటికీలకు ఎదురుగా పెట్టారు. అప్పట్లో గాజు వెనక తగరం, పాదరసం పూసేవారు. పాదరసం ఆవిరి పనివాళ్ల ప్రాణాల మీదికి తెచ్చేది. 1835లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వెండి పూత పద్ధతి కనిపెట్టాక అద్దం మెల్లగా సామాన్యుల ఇళ్లకూ చేరింది. మన తాతల ఇళ్లలో అది వసారాలో మేకుకు వేలాడేది, చూసుకునేవాళ్ల ముఖాన పగటి వెలుగు పడేలా. క్షౌరం కూడా అరుగు మీదే జరిగేది.

తర్వాత కరెంటు వచ్చింది. శివనసముద్రం విద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధులకు అందింది. ఆ గనుల్లో చెమటోడ్చిన వాళ్లలో మన తెలుగువాళ్లూ ఎందరో. ఇంట్లో బల్బు వెలిగాక అద్దం లోపలి గోడకు, చివరికి బాత్‌రూముకు చేరింది. బల్బు మాత్రం నెత్తి మీదే ఉండిపోయింది. వెలుగు పైనుంచే పడితే కళ్ల కింద, ముక్కు కింద నీడలు పడతాయి. పెళ్లికూతురు కాటుక దిద్దుకోవాలన్నా, చూపు మందగించిన తాతగారు గడ్డం గీసుకోవాలన్నా ఆ నీడలే అడ్డు.

తిరుమల అద్దాల మండపంలో డోలోత్సవం చూసినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. దీపకాంతి ఊయల మీది స్వామిపై పడుతుంది, అద్దాలు ఆ రూపాన్ని పదింతలుగా చూపిస్తాయి. బేసిన్ ముందు నిలబడ్డ మనిషికీ అంతే, వెలుగు పడవలసింది ముఖం మీద.

అందుకని మేము చెప్పేది ఇది. బాత్‌రూములో సాదా కొత్త అద్దం పెట్టి, దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో పాలగాజు దీపాలు బిగిద్దాం. వెనకనుంచి వెలిగే అద్దమైతే కాంతి ఎక్కువగా గోడకే పోతుంది. దీపాలు 3000 నుంచి 4000 కెల్విన్ లోపు, సీఆర్‌ఐ 90కి తగ్గకుండా ఉంటే కుంకుమ, పసుపు అసలు రంగులో కనిపిస్తాయి. నీటి తుంపరలకు తట్టుకునే ఐపీ44 రకమే తేవాలి. పొట్టి అమ్మమ్మకూ పొడుగు పెళ్లికొడుక్కూ ముఖం కనిపించేంత నిలువు అద్దం కావాలి. అద్దం వెనక గాలి ఆడే సందు వదలాలి. లేకపోతే తేమ పట్టి అంచుల్లో పూత నల్లబడుతుంది.

పాత అద్దాన్ని ఆ తేమలో పెడితే పూతా పోతుంది, చట్రమూ ఉబ్బుతుంది. దాన్ని పెళ్లికూతురి గదిలో, కిటికీ వెలుగు ముఖాన పడే చోట పెడదాం. మన పెద్దలు కొన్న అద్దంలో మన పిల్లలు బాసికం సరిచూసుకుంటారు. వచ్చే సమావేశంలో దీని మీదే ఓటు. అందరూ తప్పక రండి.